తప్పు వేళ్ళది కాదన్న వదిన

పోయిన మంగళవారం పొద్దున మా వదిన పోయింది. ఫోను చేసింది ఆమె పెద్దకూతురు. "అత్తా, అమ్మ పోయింది" అని, వెంటనే "చాయ్ తాగుడు అయినంకనే పోయింది" అంది. ఆ రెండో మాటకు నాకు ఏడుపులోనే నవ్వు వచ్చింది. చాయ్ తాగుతున్నప్పుడు ఎవరు పిలిచినా లేచే మనిషి కాదు మా వదిన. ఆఖరి పిలుపును కూడా గుమ్మం దగ్గరే ఆగమన్నట్టుంది.

ఆమె ఫొటో ఏ పేపర్లోనూ పడలేదు. అయినా డెబ్బైలలో బోధన్, నిజామాబాద్ చుట్టుపక్కల పెళ్ళిళ్ళలోనో వినాయక మండపాల దగ్గరో మా ఆర్కెస్ట్రా విన్నవాళ్ళు మీలో ఉంటే, కొంగు నడుముకు దోపుకుని నిలబడి బాసు గిటారు వాయించిన ఆడమనిషి గుర్తుండే ఉంటుంది. ఆమే మా వదిన.

మా అన్న బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. చెరకు ఆడే కాలమంతా ఫ్యాక్టరీ, మిగతా కాలమంతా పాటలు. నేను పాడేదాన్ని. అన్న అకార్డియన్ వాయించేవాడు. బాసు గిటారు బొంబాయిలో ఎవరో వాడి వదిలేసినది. నాలుగే తీగలు, ఒక్కొక్కటి చెప్పులు కుట్టే దారమంత లావు. దాన్ని వాయించడానికి నిజామాబాద్ నుంచి ఒకతను వచ్చేవాడు. మంచి చేయి. కానీ కుడిచేతి వేళ్ళకు ఎప్పుడూ పట్టీలే. ఒక ఏడు ఆ వేళ్ళు మరీ చెడి, బాసు మా ఇంట్లో పెట్టేసి బట్టల దుకాణంలో కుదురుకున్నాడు.

మా రిహార్సళ్ళన్నీ ఇంట్లో ముందరి అర్రలోనే. పక్కన వంటింట్లో వదిన. ముప్కాల్ వైపు పసుపు పండించే ఇంటి నుంచి మా ఇంటికి కోడలిగా వచ్చిన మనిషి. అంతవరకు ఏ వాయిద్యమూ ముట్టలేదు. కానీ నేను పాట ఎత్తుకుంటే రొట్టె కొడుతూనే నోటితో బాసు పలికేది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ దిగాలో ఒక్కటీ తప్పేది కాదు. బాసు వాయించేవాడు లేక మేము తల పట్టుకుని కూర్చున్న ఒక మధ్యాహ్నం, చేతులు కడుక్కుని వచ్చి గిటారు ఒళ్ళో పెట్టుకుంది.

"నీకెందుకే గది?" అన్నాడు అన్న, నవ్వుతూ.

"నీకెందుకో నాకు గందుకే" అంది.

నెల తిరక్కముందే అన్న నవ్వడం మానేశాడు. పాట నిలబడుతోంది. నిలబడనిది ఒక్కటే, ఆమె వేళ్ళ చర్మం.

గిటారు తీగల కింద రెండు చిన్న డబ్బీలు ఉంటాయి. పికప్‌లంటారు. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ. పైన తీగ కదిలితే ఆ కదలికను పట్టుకుని యాంప్లిఫయర్‌కు పంపేది అదే. అది లేకపోతే బాసుకు గొంతు లేదు. మా గిటారుకు ఆ డబ్బీల మీద ఇనుప మూతలుండేవి. వాటి అంచులు కత్తిపీట లాగా ఉండేవి. పైగా మూతలు బిగించిన మరల తలలు పైకి పొడుచుకొచ్చేవి. వేలు తీగను మీటి కాస్త లోతుకు దిగిందంటే నేరుగా ఆ అంచుకే తగిలేది. పాట పాటకూ తగిలేది. వదిన చూపుడువేలు, నడిమి వేలు కొసలు చిట్లి, ఉప్పు తగిలితే కేక పెట్టేంత అయ్యాయి.

"గా వేళ్ళతోటి పిండి పిసుకుతవా? బంజెయ్యి గా ఆట" అనేది మా అవ్వ, అంటే మా అమ్మ.

పాత బాసు అతను మమ్మల్ని చూడటానికి వచ్చి తన వేళ్ళు చూపించాడు. "రక్తం రావాలె భాబీ. నాకు రాలేదా? కొన్ని దినాలైతే చర్మం మొద్దుబారుతది. గప్పుడు వాయించేదానివి అయితవు."

వదిన అతని వేళ్ళను పట్టి పట్టి చూసింది. "మొద్దుబారినంక తీగ మీద వేలు పడ్డది ఎట్ల ఎరుకైతదన్నా?"

 మధ్యలో అన్న అందుకున్నాడు. "ఆడోళ్ళ చేతులకు కాదది. గంతే."

నేను ఆ క్షణాన వదిన ముఖం చూశాను. కోపం కూడా కాదది. వంకర కాటా పెట్టి తూచే దుకాణదారుడి వైపు చూసినట్టు చూసింది అన్నను.

"మా బాపు కొత్త పార కొంటే పొలం పోకముందు పిడి చెక్కుతుండె. చేతికి పిడి సరిపోవాలె గని, పిడికి చెయ్యి సరిపోవుడేంది? తప్పు నా వేళ్ళది కాదు. గా డబ్బీది."

"డబ్బీ ముట్టకు! లోపల తీగ తెగిందనుకో, బొంబాయి పోవాలె."

"డబ్బీ ఖరాబైతదని నీకు రంది. నా వేళ్ళు ఖరాబైతే లేదు."

మర్నాడు అన్న డ్యూటీకి పోగానే అతను ఇనుము అరగదీసే ఆకురాయి తీసుకుని కూర్చుంది. మరలను తల పైకి కనబడనంత లోపలికి దించింది. అంచులను రాకి రాకి, గోరుతో తడిమితే గోరు జారిపోయేటంత గుండ్రంగా చేసింది. సాయంత్రం తీగలు కట్టి యాంప్లిఫయర్‌కు కలిపితే బాసు గొంతులోంచి గరగరమని తేనెటీగల తుట్టె లేచింది. రాకిన ఇనుప రజను మొత్తం అయస్కాంతం పట్టుకుని డబ్బీ చుట్టూ మీసాలలాగా నిలబడి ఉంది. ఊదితే పోదు. గుడ్డతో తుడిస్తే ఇంకా లోపలికి పోతుంది.

అన్న ఇంటికి వచ్చే వేళయింది. నేను గిటారును దాచేద్దామన్నాను. వదిన మాత్రం వంటింట్లోకి పోయి తడిపిన గోధుమపిండి ముద్ద తెచ్చింది. గాజు పెంకులు ఒత్తి తీసినట్టు ముద్దను ఒత్తి, ఎత్తి, ఒత్తి, ఎత్తి, రజనంతా దానికి అంటించింది. పిండి నల్లబడిన కొద్దీ బాసు గొంతు తేటపడింది. అన్న గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. "తెగలేదు కద" అన్నాడు. "తెగలే" అంది. 

గాయాలు సగం తగ్గాయి. వదిన సగంతో ఊరుకునే రకం కాదు. అంచు నున్నగా అయినా వేలు లోతుకు దిగుతూనే ఉంది; దిగినప్పుడల్లా గోడకు గుద్దుకున్నట్టే. రెండు డబ్బీల నడుమ ఖాళీని ఏదైనా కర్రతో నింపితే వేలు దిగడానికి చోటే ఉండదు కదా అని ఆలోచించింది. మొదట ఒక చదునైన చెక్క పెట్టింది. కుదరలేదు. తీగలు చదునుగా ఉండవు, నడుమ కాస్త ఎత్తు, పక్కలకు వాలు. చెక్క పక్క తీగలకు తగిలి చిటచిటలాడింది.

ఆ వారమే మా అవ్వ ఇల్లంతా వెతికింది. "నా చపాతీ కర్ర ఏదే?"

చపాతీ కర్ర వడ్రంగం చేసే వడ్లాయన దగ్గర నిలువునా చీలిపోయి ఉంది. ఒక సగం తెచ్చుకుని, వంపు తీగల వంపుకు సరిపోయేదాకా వదిన ఉప్పు కాగితంతో రుద్దింది. రుద్దడం, పెట్టి చూడటం, మళ్ళీ తీసి రుద్దడం. చివరికి కొబ్బరినూనె రాసి, రెండు మరలతో బిగించింది. ఇప్పుడు వేలు తీగను మీటి, మెత్తగా కర్ర మీద వాలి, తేలిగ్గా లేస్తోంది. బొటనవేలు ఆనించుకోవడానికి కూడా చోటు దొరికింది.

పాత బాసు అతన్ని తానే కబురు పెట్టి పిలిపించింది. అతను చూసి, "ఏందిది భాబీ, గిటారుకు అరుగు కట్టినవా?" అన్నాడు.

"వాయించి మాట్లాడన్నా."

పట్టీలు లేని వేళ్ళతో వాయించాడు. ఒక పాట అయ్యాక ఇంకొకటి ఎత్తుకున్నాడు. చాయ్ తెచ్చి పెట్టినా ఆపలేదు. ఆపిన తర్వాత తల వంచుకుని, "నేను గప్పుడే అడగాల్సి ఉండె, గీ డబ్బీ గిట్లెందుకున్నదని" అన్నాడు. తర్వాత ఒక సెకండ్‌హ్యాండ్ గిటారు కొనుక్కుని, దానికి అలాంటి కర్రే వదినతో పెట్టించుకుని, మళ్ళీ వాయించడం మొదలుపెట్టాడు. మాకు పోటీగా ఇంకో ఆర్కెస్ట్రాలో. వదిన దానికి సంబరపడింది.

ఆ ఏడు వినాయక చవితికి బోధన్‌లో ఒక మండపం వాళ్ళు మమ్మల్ని పిలిచారు. వేదిక మీద తీగలు కలుపుతుంటే కమిటీ పెద్దమనిషి ఒకాయన వచ్చి అన్నను పక్కకు పిలిచాడు. పిలిచింది పక్కకే గాని గొంతు అందరికీ వినబడింది.

"పాడే పిల్లను పాడనియ్యిండ్రి. గామెను తెర ఎనుక కూసోని వాయించుమను. ఆడమనిషి గిట్ల నిలవడి గిటారు వాయిస్తే బాగుండదు."

అన్న తల గోక్కున్నాడు. వదిన గిటారు మెడలోంచి తీయకుండానే దగ్గరికి వచ్చింది.

"పాడితే బాగుంటదంట, వాయిస్తే బాగుండదంట. నోటికొక న్యాయం, వేళ్ళకొక న్యాయమా పెద్దయ్యా?"

"నీతోని మాట్లాడతలే అమ్మా."

"నా గురించే కద మాట్లాడుతున్నవు. నేను తెర ఎనుకకు పోను. నిలవడి వాయిస్త. లేకుంటే నా వైరు నేను చుట్టుకుంట."

"చుట్టుకో."

వదిన నిజంగానే వంగి వైరు చుట్టడం మొదలుపెట్టింది. నేను మైకు దగ్గర నుంచి దిగాను. డ్రమ్ములు వాయించే అతను పుల్లలు సంచిలో పెట్టాడు. అందరం అన్న వైపు చూశాం. అతను ఆ ఊళ్ళోనే బతకాలి, ఆ మనుషుల మధ్యనే. అన్న అకార్డియన్ పెట్టెలో పెట్టి మూత వేశాడు. "ఆమె లేకుంటే మా పాటకు కాళ్ళు లేవు పెద్దయ్యా. మేమందరం పోతం" అన్నాడు.

ఎదురుగా జనం అప్పటికే కూర్చుని ఈలలు వేస్తున్నారు. పెద్దమనిషి జనాన్ని చూశాడు, మమ్మల్ని చూశాడు. "సరే. ఒక్క పాట" అన్నాడు.

ఆ ఒక్క పాట అయిపోగానే జనం ఇంకొకటి అడిగారు, దాని తర్వాత మరొకటి. ప్రోగ్రాం అంతా వదిన ముందు వరుసలో నిలబడే వాయించింది. మరుసటేడు ఆ మండపం వాళ్ళు మమ్మల్ని పిలవలేదు. నేను బాధపడితే, "వాళ్ళు పిలవకుంటే మన వేళ్ళు అరుగుతయా?" అంది. ఆ తర్వాత నిజామాబాద్ నుంచి, అటు నాందేడ్ నుంచి కూడా గిటారు వాళ్ళు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ముందు వాళ్ళ చేయి చూసేది, తర్వాతే గిటారు చూసేది. ఒక్కొక్కరి వేలి పొడవును బట్టి కర్ర వంపు మార్చేది. నొప్పికి అలవాటు పడ్డామని ఎవరైనా గొప్పగా చెబితే మాత్రం కసిరేది: "అలవాటైందంటే తగ్గినట్టు కాదు."

ఇప్పుడు ఆమెను తలచుకుంటే నాకు కళ్ళ ముందు నిలిచేది మండపం కాదు. దాని తర్వాత వర్నిలో ఒక పెళ్ళి. పట్టపగలు. పాటలు అయిపోయి మేము సామాను సర్దుకుంటున్నాం. మండపంలో జరిగిన గొడవ అప్పటికే ఊరూరా పాకింది. పెళ్ళికి వచ్చిన ఆడవాళ్ళు వేదిక దగ్గరికి ఒక్కొక్కరే చేరారు. వాళ్ళలో ఒక ముసలామె చొరవగా వదిన కుడిచేయి పట్టుకుని, వెల్లకిలా తిప్పి, వేళ్ళ కొసలను తన బొటనవేలితో ఒత్తి చూసింది. "గా తీగలకు నీ వేళ్ళకు ఏం కాలేదానే?" అంది.

"ఏం కాలేదవ్వా. సూడు" అంది వదిన.

ఆ చేయి ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోయింది. నాట్లు వేసి పగిలిన వేళ్ళు, పసుపు పట్టి నల్లబడ్డ గోళ్ళు, అన్నీ వంతులుగా ఆమె వేళ్ళను తడిమాయి. వదిన గాజులు వేయించుకుంటున్నట్టు చేయి చాచి, ఎండలో కళ్ళు చికిలించి నవ్వుతూ నిలబడింది. భుజాన గిటారు ఇంకా దించలేదు.