అందరికీ వేసిన తాళం

ముత్యాలక్క అని ఆవిడకు పేరు పెట్టింది, ఆవిడ టైపు చేసినవి అచ్చువేసే ప్రెస్సాయన. ఆవిడ టైపు చేసిన పేజీలో తప్పు పట్టుకుందామని కూర్చున్నవాళ్ళు ఊరికే కళ్ళు నొప్పి పుట్టించుకుని లేచేవాళ్ళు. వంటింటి పక్క గదిలో, ఇస్త్రీ బట్టల మూట జరిపి పెట్టుకున్న కంప్యూటరే ఆవిడ ఆఫీసు. అలాంటి మనిషికి ఆ మధ్యాహ్నం గుండె ఆగినంత పనైంది.

బడివాళ్ళ పరీక్ష పేపరు నిన్న పొద్దున టైపు చేసి ఒక ఫోల్డర్‌లో దాచింది. తెల్లారితే పరీక్ష. "అక్కా, మిషను ఖాళీగా ఉంది, పంపించెయ్" అని ప్రెస్సాయన ఫోను చేశాడు. సరేనని ఫోల్డర్ మీద నొక్కితే, ఇది తెరవడానికి మీకు అనుమతి లేదు అని ఇంగ్లీషులో వచ్చింది.

"నాకా? నాకు అనుమతి లేదా?"

చూడండి మరి చోద్యం! కూర్చుని టైపు కొట్టింది ఆవిడ, అనుమతి లేనిదీ ఆవిడకే. మళ్ళీ నొక్కింది, మళ్ళీ అదే మాట. కంప్యూటర్ ఆపి ఆన్ చేసింది. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయబోతే అదీ కుదరదంది. పోనీ చేతిరాత ప్రతి ఉందా అంటే, టీచరుగారు పక్కనే కూర్చుని ప్రశ్నలు చెప్పి, టైపు కాగానే ఆ కాగితాలు చింపేసి మరీ వెళ్ళారాయె. ఇప్పుడిది ప్రెస్సుకు చేరకపోతే రేపు పిల్లలు పరీక్ష హాల్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి. ఆ తర్వాత ఈవిడను నమ్మి పని ఇచ్చేదెవరు?

నిన్న సాయంత్రం ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నది మరిది. జిరాక్స్ మిషన్లు బాగుచేసే పని అతనిది, తీరిక దొరికితే ఇందులో పేకాట ఆడుకుంటాడు. పాపం, అప్పుడే భోజనానికని ఇంట్లో అడుగు పెట్టాడు.

"ఏం చేశావయ్యా దీన్ని? నా కొంప ముంచావు కదా!"

"నేనా? పేకముక్కలు తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు వదినా, ఒట్టు!"

"నీ ఒట్టు తీసి గట్టున పెట్టు! నువ్వు కాకపోతే దయ్యం చేసిందా?"

మరిది మొహం చిన్నబోయింది. కుర్చీ లాక్కుని ఫోల్డర్ ప్రాపర్టీస్ తెరిచి, అందులో సెక్యూరిటీ అన్నచోట నొక్కాడు.

"దీని ఓనరుగా నీ పేరే ఉంది వదినా. ఇక్కడ ఎవ్రీవన్ అని ఉంది చూడు, దానికి డినై కింద టిక్కులు పెట్టిందెవరు?"

"నేనే. ఎవరి కంటా పడకూడదని టీచరుగారు మరీ మరీ చెప్పారు. ఈ ఇంట్లో దీని ముందు కూర్చోనివాళ్ళెవరు? అందుకే అందరికీ వద్దని పెట్టా."

"మరి అందరిలో నువ్వు లేవా?"

ముత్యాలక్క తెర మీదికి వంగి ఎవ్రీవన్ అన్న మాట మళ్ళీ చదివింది. "నేనెందుకుంటాను? అందరూ అంటే... మీరంతా కదా!"

"అది హెచ్చరించి ఉంటుందే, ఇలా చేస్తే నీకూ అందదని?"

"ఏదో అడిగింది. అవునని నొక్కేశా."

మరిది పకపకా నవ్వి ఆ వరుస తీసేసి ఓకే కొట్టాడు. ఫోల్డర్ తెరుచుకుంది. పేపరు వెంటనే ప్రెస్సుకు వెళ్ళింది. "అందింది అక్కా" అని ప్రెస్సాయన అనేదాకా ఆవిడ ఫోను దించలేదు.

"తొందరపడి నోరు పారేసుకున్నాను, మనసులో పెట్టుకోకయ్యా" అంది.

"పోనీలే వదినా. దయ్యం కంటే ముందు నన్ను అనుమానించావు, అదే బాధ."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆవిడ మరిదికి అన్నం వడ్డించి, అడిగి అడిగి మరో గరిటె వేసింది. అతను తిని లేవగానే గిన్నెలు తోమడానికి కూర్చుంది.

"అందరి భోజనాలూ అయ్యాయా?" లోపలి గదిలోంచి అత్తగారు కేకేసింది.

"ఆఁ, అందరూ తినేశారత్తయ్యా. గిన్నెలు కూడా కడిగేస్తున్నా."

చెప్పుల్లో కాళ్ళు పెట్టబోతున్న మరిది ఆగిపోయి వెనక్కి తిరిగాడు.

"వదినా, నువ్వు తినలేదుగా?"

ముత్యాలక్క చేతిలో సబ్బు నురగతో అన్నం గిన్నె ఉంది. అయోమయంగా దానిలోకి చూసింది.

"అవునా? తినలేదా నేను?" అంది.