మావగారూ, గాలి ఇంజనూ

రోడ్డు మీద మోటారు కారు కనబడితే జనం చేతిలో పని వదిలేసి పరిగెత్తుకొచ్చే ఆ రోజుల్లో నాకు ఇంజన్ల పిచ్చి ఎంతో, కోపమూ అంతే ఉండేది. (ఇప్పుడు ఇంజన్లు లేవు.) రాజమండ్రిలో మా మావగారికి మరమ్మతుల షెడ్డు ఉండేది. వయసంతా గోదావరి మీద స్టీమరు ఇంజన్లు నడిపి, చివరికి ఆ షెడ్డు పెట్టుకుని, కూతుర్నీ షెడ్డునీ కలిపి నాకు అప్పగించారు. అప్పుడప్పుడే వస్తున్న కార్లు మన ఎండలకి నీళ్లు మరిగి దారిలో ఆగిపోతుండేవి. నీళ్లే అక్కర్లేకుండా, పోతున్నప్పుడు తగిలే గాలికే చల్లారే చిన్న ఇంజను చేస్తే, ప్లీడర్లూ డాక్టర్లూ కొనుక్కోగల చవక కారు తయారవుతుందని నా ఆశ. సిలిండరు చుట్టూ పల్చటి ఇనప రెక్కలు వచ్చేలా పోత పోయడానికి ఏడాదిన్నర పట్టింది. పోసిన ప్రతిసారీ ఏదో ఒక రెక్క విరిగేది, నేను ఎవరో ఒకరి మీద విరుచుకుపడేవాణ్ణి.

చివరికి కుదిరింది. పక్క ఊరి జమీందారుగారు చూస్తామన్నారు. నచ్చితే షెడ్డుని ఫ్యాక్టరీ చేయిస్తామన్నారు. ఆ ఇంజను బిగించిన బండిలో ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని గోదావరి గట్టు మీదుగా ధవళేశ్వరం దాకా వెళ్లి, ఎక్కడా ఆగకుండా తిరిగొచ్చాను. షెడ్డు ముందు దిగి జమీందారుగారు మెచ్చుకోలుగా ఏదో అనబోతున్నారు. ఇంతలో మావగారు రెక్కల మీంచి నూనె పొగ లేవడం చూసి, బిందెడు నీళ్లు తెచ్చి సిలిండరు మీద గుమ్మరించారు. ఠప్పుమని పైనుంచి కింది దాకా పగిలిపోయింది.

"మావగారూ, ఇది గాలికి చల్లారే ఇంజనండి," అన్నాను.

"కాలిపోతుంటే చూస్తూ ఊరుకోమంటారా, అల్లుడుగారూ?" అన్నారాయన.

పిల్లనిచ్చిన మావగారిని ఏమనగలం? జమీందారుగారు జట్కా ఎక్కి వెళ్లిపోయారు. తర్వాత మద్రాసు నుంచి వేరే కారు తెప్పించుకున్నారు, నీళ్ల ఇంజనుదే. నేను మాత్రం మావగారితో మాటలు మానేశాను. పనిచేసేది ఒకే షెడ్డులో, భోంచేసేది ఒకే వరసలో. సుత్తి కావాలన్నా, మజ్జిగ కావాలన్నా మా ఆవిడ ద్వారానే. (ఆవిడకి స్పానర్ల సైజులన్నీ నోటికొచ్చేశాయి.) ఆయన్ని అనాల్సిన మాటలన్నీ మనసులో పదునుపెట్టుకుంటూ, ఆ కోపం మీదే రెండో సిలిండరు పోత పోశాను.

అది నడిచిన రోజున బండిని కడియం వైపు తీస్తుంటే, మావగారు మాట్లాడకుండా వచ్చి పక్కన కూర్చున్నారు. ఊరు దాటాక, "దీనికి గాలి సరిపోతుందంటారా?" అని అడిగారు. అంతే, కట్ట తెగింది. ఇనుము వేడికి ఎలా సాగుతుందో, చన్నీళ్లు పడితే ఎందుకు పగులుతుందో, నా ఏడాదిన్నర శ్రమా, పోయిన పరువూ, జమీందారుగారి ముఖమూ, అన్నీ కాలువ పొడుగునా అరిచి చెప్పాను. జవాబు చెప్పరేమని తిరిగి చూస్తే, నా భుజం మీద తల వాల్చి నిద్రపోతున్నారు.

ఒళ్లు మండిపోయింది. అయినా గతుకులకి ఎక్కడ పడిపోతారోనని బండిని నత్తనడక నడిపించాను. మెల్లగా పోతే ఆ రెక్కలకి గాలి తగలదు. ఆ సంగతి అందరికంటే నాకే బాగా తెలియాలి. కాసేపటికి ఇంజను వేడెక్కి బిగుసుకుపోయింది. కడియం చేరకుండానే, నడి ఎండలో, కాలువ గట్టున ఆగిపోయాం. (మా చవక కారు ఆ గట్టు దాటి బజారుకి రానేలేదు.) ఆయన మీదా, ఇంజను మీదా, తన మీదా కోపంతో పళ్లు నూరుతూ కూర్చున్న ఆ కుర్రాణ్ణి (నన్నే) తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆయన నిద్ర లేచేదాకా భుజం మాత్రం కదపలేదు, పాపం.