గడియారం ముందుకు తిప్పిన సాయంత్రం

మా బంధువుల్లో ఎవరైనా బీరువా తాళంచెవి ఎక్కడో పెట్టి వెతుక్కుంటుంటే, పక్కనున్నవాళ్లు మా అక్క కూతురిని తలుచుకుని నవ్వుతారు. "ఆయమ్మికి తోడైనావే" అంటారు. కాలేజీల వరుస మార్చుకోవలసిన రోజున పాస్‌వర్డ్ మర్చిపోయి, కోరుకున్న చదువు పోగొట్టుకున్న పిల్ల అని ఆమెకు పేరు. ఆ మాట పుట్టింది తిరుపతిలో మా ఇంట్లో. పుట్టించింది నేను. ఆమె పాస్‌వర్డ్ మర్చిపోలేదు.

ఇంజనీరింగ్ సీట్ల కోసం పిల్లల్ని వెంటబెట్టుకుని ఊళ్లు తిరిగే పద్ధతి పోయి, ఉన్నచోటే కూర్చుని కంప్యూటర్‌లో కాలేజీలు ఎంచుకోవచ్చని చెప్పిన కొత్త రోజులవి. నేనొక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు చూసేవాణ్ణి. ఇంట్లో కంప్యూటర్ కొన్నాను, ఫోను తీగతో ఇంటర్నెట్ పెట్టించాను. వీధిలో ఎవరి పరీక్షా ఫలితాలు వచ్చినా మా గడపే తొక్కేవారు. వాళ్లు నన్ను పిలిచే తీరులోనే ఒక మర్యాద ఉండేది. దానికి నేను బాగా అలవాటుపడ్డాను.

మా బావది ఐరాల దగ్గర పల్లె. చెరకు, నాలుగు ఆవులు. కూతురికి మంచి ర్యాంకు వచ్చిందని తెలియగానే నా దగ్గరికి తీసుకొచ్చాడు. కాలేజీల వరుస నేనే చెప్పాను, నేనే కొట్టాను. చిత్తూరు పక్కన కొత్తగా వచ్చిన ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ కోర్సు మొదట పెట్టాను. ఆ రోజుల్లో అందరూ చెప్పేది అదే కదా. పిల్ల నోరు తెరవలేదు. పాస్‌వర్డ్ మాత్రం తనే పెట్టుకుంది. "ఎక్కడా రాసుకోవద్దు, మనసులో పెట్టుకో" అన్నాను. అలాగే పెట్టుకుంది.

ఊరికి వెళ్లాక ఇంట్లో మాట బయటపెట్టిందట. తనకు కావలసింది ఎలక్ట్రికల్, అదీ తిరుపతిలో ప్రభుత్వ కాలేజీలో. పొలం మోటారు ఆగిపోయినప్పుడల్లా స్టార్టర్ పెట్టె మూత తీసి వాళ్ల నాయన పక్కన కూర్చునే పిల్ల. కాలిపోయిన ఫ్యూజు తీగను వాసన చూసి చెప్పేది. వాళ్ల నాయన చివరికి ఒప్పుకున్నాడు. ఎంచుకున్న వరుసను మార్చుకోవడానికి మిగిలింది ఒక్క ఆదివారం, అదీ సాయంత్రం ఆరింటి వరకే.

మధ్యాహ్నానికే ఇద్దరూ వచ్చారు, ఒక గోతాం మామిడికాయలతో. వాళ్లు వచ్చిన కాసేపటికి కరెంటు పోయింది. నాలుగున్నర దాటాక గాని రాలేదు. నేను కుర్చీ లాక్కుని కూర్చోబోతుంటే మా అమ్మ గుమ్మంలో నిలబడింది.

"రాహుకాలం మొదలైంది. ఆరు దాటినాక కూసోండి" అంది.

ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు వరకు రాహుకాలం. మా అమ్మ ఆ వేళలో చీపురు కూడా కొత్తది పట్టదు. ఆరింటితో గడువు అయిపోతుందని చెబితే ఒప్పుకునే మనిషి కాదు. "అయితే రాసిపెట్టి లేదు, ఇడిసిపెట్టండి" అంటుంది, అన్నం తినకుండా పడుకుంటుంది. అందుకని గడువు మాట ఆమె చెవిన వేయలేదు. ఆమె పెరట్లోకి బట్టలు తేవడానికి వెళ్లగానే నాకొక ఉపాయం తోచింది. కంప్యూటర్ మూలన ఉండే గడియారాన్ని ఆరుంబావుకు తిప్పేశాను. బావ వైపు చూశాను. ఆయనకు నవ్వాగలేదు. స్టూలెక్కి హాల్లో గోడగడియారం ముల్లు కూడా తిప్పేశాడు.

"మీ అమ్మకి తెలిస్తే నన్ను ఐరాల దాకా తరుముతాది" అన్నాడు దిగుతూ.

అమ్మ పెరటి గోడ దగ్గర పక్కింటామెతో కాసేపు మాట్లాడి, బట్టలతో వచ్చింది. గోడ వైపు చూసింది, కంప్యూటర్ వైపు చూసింది. "అప్పుడే ఆరు దాటిపోయినాదే. పొద్దే తెలీలేదు" అంటూ మంచం మీద కూర్చుని బట్టలు మడతపెట్టసాగింది. ఆ గది ఒకప్పుడు బియ్యం మూటలు వేసుకునేది. బీరువాకూ మంచానికీ మధ్య కంప్యూటర్ బల్ల ఇరికించాను. పిల్ల నా పక్కన, బావ నా వెనక, అమ్మ మంచం మీద. లేచి బయటికి పోవాలంటే ముగ్గురూ జరగాలి.

పిల్ల తన నంబరు కొట్టింది, పాస్‌వర్డ్ కొట్టింది. చుక్కలు పడ్డాయి. పేజీ తిరిగి తిరిగి, మళ్లీ నంబరూ పాస్‌వర్డూ అడిగే మొదటి పేజీకే వచ్చింది. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే.

"పెద్ద అక్షరాల బటన్ నొక్కినావేమో సూడు" అన్నాను.

"లేదు మామా, లైటు ఎలగలేదు కదా."

నేను కొడతానని, పాస్‌వర్డ్ చెప్పమన్నాను. అందరి ముందు చెప్పడానికి బిడియపడి నా చెవిలో చెప్పింది. ఒక్కో అక్షరం చూసి చూసి కొట్టాను. మొదటి పేజీయే వచ్చింది. పాత పేజీల గుర్తులన్నీ తుడిచేశాను. మోడెమ్ ఆపి పెట్టాను. ఫోను తీగ పీకి దులిపి మళ్లీ దూర్చాను. కంప్యూటర్ మొత్తం ఆపి వేశాను. అది లేచేదాకా నలుగురం ఆ నల్లటి తెరలో మా మొహాలే చూసుకుంటూ కూర్చున్నాం. లేచాక గడియారం నేను పెట్టినట్టే ముందుకు నడుస్తోంది. నాకది కనిపిస్తూనే ఉంది. దానికీ దీనికీ సంబంధం ఉండొచ్చని నా బుర్రకు తట్టలేదు.

పిల్ల తెర మీదికి వంగి, పైన ఎర్రగా సన్నగా ఉన్న ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టింది. "మామా, తప్పని అంటా లేదే ఇది. టైమ్ అయిపోయింది, మళ్లా రమ్మని అంటా ఉండాది."

"టైమ్ అయిపోయిందా? ఇంకా ఆరు కాలేదే!" అన్నాడు బావ.

అమ్మ మడతపెట్టే చీర ఆపింది. "ఏమంటా ఉండారు అల్లుడు?"

బావ దగ్గాడు. "ఆరు... ఆరు కాలేజీలన్నా కాలేదే అంటా ఉండానత్తా."

అమ్మకు అబద్ధం తెలిసిపోతుందేమోనన్న భయం ఒక పక్క, నిజం గడియారంలో జరిగిపోతున్న నిమిషాలు ఒక పక్క. ఆ పిల్ల చూపించిన వాక్యాన్ని నేను సరిగ్గా చదవను కూడా లేదు. "అదంతా ఒకటేలే. పాస్‌వర్డ్ తప్పయితే అట్లనే అంటాది" అన్నాను.

"మామా, బస్టాండు కాడ నెట్ సెంటర్ ఉండాది కదా, ఆడికి పోయి సూద్దామా?"

మెత్తగానే అడిగింది. పావుగంట నడక. అప్పటికింకా సమయం ఉంది. నేను వెనక్కి తిరిగి బావతో అన్నాను: "ఈడ రానిది ఆడొస్తాదా బావా? తప్పు పాస్‌వర్డ్ యాడ కొట్టినా తప్పే కదా." వీధిలో అందరి పనులూ చేసిపెట్టేవాణ్ణి, మేనకోడలిని తీసుకుని నెట్ సెంటర్‌లో కూర్చుంటే ఎవరైనా చూస్తారేమోనని కూడా అనుకున్నాను.

రెండోసారి అడిగినప్పుడు బావ కసిరాడు. "ఏమ్మే, మీ మామకి తెలీందా? ఒక్క మాట గుర్తు పెట్టుకోలేకపోతివి, మళ్లా సెంటర్లంట."

"నాకు గుర్తుండాది నాయనా."

"ఉంటే తెరుసుకోదా?"

దానికి జవాబు చెప్పవలసింది ఆ పిల్ల కాదు, నేను. ఆరయ్యేదాకా అవే మీటలు నొక్కుతూ కూర్చున్నాను. తరువాత అమ్మ వంటింట్లోకి వెళ్లింది. బావ స్టూలెక్కి ముల్లు వెనక్కి తిప్పాడు, నేను కంప్యూటర్‌లో తిప్పాను. మళ్లీ ప్రయత్నిస్తే గడువు ముగిసిందన్న పేజీ వచ్చింది. పిల్ల అప్పటికే చెప్పులేసుకుని బయట మెట్ల మీద కూర్చుని ఉంది.

నేను మొదట కొట్టిన వరుస ప్రకారమే చిత్తూరు పక్కన కాలేజీలో కంప్యూటర్ సీటు వచ్చింది. చేరింది, పాసైంది. జీవితం నాశనమైందని చెప్పను. కానీ ఇంట్లో ఆమె మాటకు విలువ పోయింది. బ్యాంకు కార్డు పిన్ నంబరు తమ్ముడికి చెప్పేవారు గాని ఆమెకు చెప్పేవారు కాదు. "ఆయమ్మికి చెప్తే మర్చిపోతాది" అనేవాడు బావ, నవ్వుతూనే. పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల ముందు కూడా అదే నవ్వు. నేనూ వాళ్ల పక్కనే చాప మీద కూర్చుని ఉన్నాను. నేనూ నవ్వాను.

అప్పటికే నాకు అసలు సంగతి తెలుసు.

ఆ ఆదివారం తరువాత కొన్ని నెలలకు రైలు టికెట్ తీద్దామని కూర్చున్నాను. నా సొంత పాస్‌వర్డ్, రోజూ కొట్టేదే. మొదటి పేజీకే తిప్పి పంపింది. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే. తెర మూలకు చూపు పోయింది. వచ్చే నెల తేదీ ఉంది. బంధువుల పెళ్లి ఏ వారమొచ్చిందో చూసుకుందామని మా ఆవిడ ఆ గడియారం మీద నొక్కి, క్యాలెండర్ తిప్పి, అలాగే వదిలేసింది. తేదీ సరిచేసి కొట్టగానే పేజీ తలుపు తీసినట్టు తెరుచుకుంది.

అక్కడే కూర్చుండిపోయాను. మనం లోపలికి వెళ్లగానే ఆ వెబ్‌సైటు మన కంప్యూటర్‌కు కొద్దిసేపు చెల్లే అనుమతి లాంటిదొకటి ఇస్తుంది. మన గడియారం ముందుకు జరిగి ఉంటే, ఆ అనుమతి చేతికి వస్తూనే గడువు దాటిపోయినట్టు లెక్క. అందుకే గడపలోనే తిప్పి పంపుతుంది. పాస్‌వర్డ్ సరైనదే అయినా పంపుతుంది. టైమ్ అయిపోయింది, మళ్లీ రమ్మని ఆ రోజు తెర చెప్పింది నిజమే. చదివింది ఆ పిల్ల ఒక్కతే. నెట్ సెంటర్‌కు వెళ్లి ఉంటే రెండు నిమిషాల పని.

ఆ పూటే చెప్పి ఉండాలి. చెప్పకపోవడానికి నాకు నేను చాలా కారణాలు చెప్పుకున్నాను గాని, వాటిలో నిజమైనది చిన్నది, సిగ్గుపడేది. చెబితే గడియారం తిప్పిన సంగతి బయటపడుతుంది. అమ్మ "చూసినావా, రాహుకాలంలో కూసుంటే ఏమైనాదో" అంటుంది. జీవితమంతా రాహుకాలం లేదు, వర్జ్యం లేదు అని ఆమెతో వాదించినవాణ్ణి. ఆమె గెలవడం నాకు ఇష్టం లేదు. దానికోసం ఒక పిల్ల మర్చిపోయినదానిలా మిగిలిపోయింది. అమ్మ పోయింది. ఆ కారణమూ పోయింది. ఆ తరువాత కూడా చెప్పలేదు. ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని అడుగుతారేమోనన్నది కొత్త కారణమైంది. ఏళ్లు గడిచేకొద్దీ అది ఇంకా పెద్దదైంది.

మా మేనకోడలు ఇప్పుడు ఏర్పేడులో ఉంటుంది. ఈ మధ్య పనిమీద అటు వెళ్లి వాళ్లింట్లో కాఫీ తాగుతూ మొత్తం చెప్పేశాను. గ్లాసు కింద పెట్టి విన్నది. కోప్పడలేదు.

"ఆ పాస్‌వర్డ్ నాకింకా గుర్తుండాది మామా. చెప్పమంటావా?" అంది.

వద్దన్నాను.

"నాకెందుకు చెప్తావు? నేను మర్చిపోలేదని నాకు తెలుసు కదా. మా నాయనకు చెప్పు."

తరువాతి ఆదివారమే ఐరాల వెళ్లాను. ఆమె కూడా వచ్చింది. బావ అరుగు మీద మంచంలో కూర్చుని ఉన్నాడు. గడియారం సంగతి ఎత్తగానే ఆయనకు అన్నీ గుర్తొచ్చాయి. స్టూలెక్కింది, అత్త ముందు దగ్గింది, అన్నీ. పడీపడీ నవ్వాడు. అసలు విషయం చెప్పాను. నవ్వు ఆపి నా మొహంలోకి చూశాడు.

"ఏందప్పా, గడియారం తిప్పితే పాస్‌వర్డ్ తప్పుతాదా?"

"పాస్‌వర్డ్ తప్పలేదు బావా. సరైనదే కొట్టినాది. గడియారం వల్లనే రానీలేదు."

"ముల్లు నేనూ తిప్పితిని కదా. అంటే నా కూతురి సీటు నేను పోగొట్టినానా?"

"నువ్వు తిప్పింది గోడది. కంప్యూటర్‌ది తిప్పింది నేను."

ఆయన నమ్మలేదు. "కావాలంటే నీ ఫోన్‌లో తేదీ మార్చి చూపిస్తాను" అన్నాను. ఆయన ఫోను గబుక్కున చొక్కా జేబులోకి దోపుకున్నాడు. "దీన్ని కూడా చెడగొట్టేకా? పోనీలేప్పా. మేనమామవి, ఎనకేసుకొస్తా ఉండావు. ఎప్పుడో అయిపోయినదానికి నువ్వెందుకు నీ నెత్తిన ఏసుకుంటావు?" లోపలికి కేకేశాడు. "ఏమ్మే, మీ మామ నిన్ను కాపాడేకి తిరుపతి నుంచి వచ్చినాడు సూడు!"

లోపల మా అక్క నవ్వింది. పక్కింటాయన గోడ మీద నుంచి ఏమిటని అడిగితే బావ పాత కథే మళ్లీ చెప్పాడు, పాస్‌వర్డ్ మర్చిపోయిన పిల్ల కథ. కొత్తగా, మేనమామ మంచితనం కూడా కలిపి. ఇంతకాలం నోరు మూసుకుని ఆమెను ఇరికించాను. ఇప్పుడు నోరు తెరిచినా అందులోంచి బయటికి తీసుకురాలేకపోతున్నాను.

మేనకోడలు లోపలి నుంచి వచ్చి గడపలో కూర్చుంది. నవ్వలేదు. వాళ్ల నాయన వైపు కాదు, నా వైపే చూసింది.

"ఇంకోసారి చెప్పు మామా" అంది. "మెల్లగా చెప్పు. ఆయనకి అర్థమయ్యే దాకా చెప్పు."

బావ బీడీ కోసం తలగడ కింద వెతుక్కుంటున్నాడు. నేను మంచం పట్టె మీదికి జరిగి కూర్చుని, ఆ రోజు కరెంటు వచ్చిన దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాను.