బిళ్ల మేకుకున్నంతసేపు

"కాక ఇగ లేడు బిడ్డా. బువ్వ తిని పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండు" అని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను మంచిర్యాలలో మందుల కౌంటర్ దగ్గర ఉన్నాను. ఎదురుగా ఉన్న ముసలాయనకు ఏ గోలీ ఎప్పుడు వేసుకోవాలో చెప్పాలి. చెప్పాను. ఏం చెప్పానో నాకే గుర్తులేక మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

ఈ కౌంటర్ వెనక నిలబడ్డానంటే కాక పుణ్యమే. గోదావరిఖనిలో మా పక్క క్వార్టర్ ఆయనది. చుట్టరికమేమీ లేదు, వరుస కలుపుకున్నాం, అంతే. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి.

నేను ఫార్మసీ ఎంట్రన్స్‌కు చదివిన ఏడాది అమ్మ తుంటి ఎముక విరిగి మంచంలో ఉంది. పొద్దున ఇంటిపని, సాయంత్రం మెడికల్ షాపులో పని. మధ్యాహ్నం అమ్మ నిద్రపోయే రెండు గంటలే నా చదువు. నాన్న ఒక్కసారి పరీక్ష రాయడానికే ఒప్పుకున్నాడు. సీటు రాకపోతే ఇక ఆ షాపే గతి. సరిగ్గా ఆ రెండు గంటల్లోనే మా క్వార్టర్ల లైనంతా గోలీలు పట్టుకొని వచ్చేది. "బిడ్డా, ఇది తిన్నంకనా, తినకముందా?" కాదనలేని మొహమాటం నాది.

కాక చూసి చూసి ఒకరోజు తన పాత ఇత్తడి బిళ్ల తెచ్చి మా తలుపు మేకుకు తగిలించాడు. బాయిలోకి దిగేవాళ్లు ల్యాంపు తీసుకొని తమ నంబరు బిళ్ల పైన మేకుకు తగిలించి పోతారు. అది మేకుకున్నంతసేపు మనిషి లోపల ఉన్నట్టే. "బాయిల దిగినోల్లను ఎవ్వలన్న పిలుస్తరా? నాలుగింటికి పైకొస్తది, అప్పుడడుగుండ్రి" అన్నాడు వచ్చినవాళ్లతో. అందరివీ బాయి పని చేసే ఇళ్లే కాబట్టి మళ్లీ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఒకసారి బిళ్ల తగిలించి ఫోన్ చూస్తూ దొరికిపోయాను. కాక తిట్టలేదు. "లోపటికి దిగి పనిజెయ్యనోడు గూడ అలిసిపోయే పైకొస్తడు బిడ్డా. బొగ్గే రాదు" అన్నాడు. నాలుగు తిట్లు తిట్టినా అంత సిగ్గుపడేదాన్ని కాదు.

పరీక్షకు వారం ముందు, నాలుగింటికి తలుపు తీస్తే కాక మా గడప పక్కనే కూర్చొని ఉన్నాడు. అంగీ చెమటతో తడిసింది, చెయ్యి ఛాతీ మీద ఉంది. కాక భార్య, మా చిన్నమ్మ, ఊరికి పోయింది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. బతికాడు.

"పిలిస్తే ఏమైతుండె కాకా?" అని ఏడ్చాను.

"బిళ్ల ఉండె గద" అన్నాడు.

అంత మంచి మనిషి మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు. ఇక పరీక్షే రాయనన్నాను. "నువ్వు రాయకుంటే, నేను ఓపిక పట్టిందంత వట్టిగ పోతది" అన్నాడు. రాశాను. సీటు వచ్చింది.

బిళ్ల తిరిగిస్తే నవ్వి తన తలుపు మేకుకే తగిలించుకున్నాడు. "ఇగ నా డ్యూటీ పగటి నిద్రనే" అన్నాడు. అప్పటినుంచి మధ్యాహ్నం బిళ్ల కనిపిస్తే ఆ తలుపు ఎవరూ కొట్టేవాళ్లు కాదు. మొన్న కూడా అంతే. నాలుగు దాటేదాకా చిన్నమ్మ సైతం లేపలేదట.

నేను చేరేసరికి వాకిట్లో కుర్చీలు వేశారు. బిళ్ల ఇంకా మేకుకే ఉంది. దాన్ని తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు. నాకూ రాలేదు. కాక నేర్పిన పద్ధతి తప్పి, బిళ్ల ఉండగానే, గడపలో నిలబడి "కాకా" అని పిలిచాను.