మడ ఆకు మీద ఉప్పు

పెద్దమ్మ పోయింది. మొన్న మంగళవారం పొద్దున ఆఫీసులో టీ కలుపుకుంటుంటే ఆవిడ కూతురు, అక్క, ఫోన్ చేసి, "అమ్మ పోయిందే" అంది. వెనకాల ఆసుపత్రి వార్డులో ఎవరో ట్రాలీ తోసుకుంటూ వెళ్తున్న చప్పుడు వినబడుతోంది. టీ కప్పు అక్కడే వదిలేసి బయల్దేరాను.

శాండ్రింగ్‌హామ్ రోడ్డు మీది కిరాణా కొట్లలో, మంచులో పెట్టిన చేపని వేలితో నొక్కి చూసి మూతి విరిచే ముసలావిడని మీలో కొందరు చూసే ఉంటారు. నీలం స్వెట్టరు, చీర కింద రబ్బరు బూట్లు. ఆవిడే పెద్దమ్మ. నాకు రక్తసంబంధం ఏమీ లేదు. వరంగల్ నుంచి చదువుకోడానికి ఆక్లండ్ వచ్చినప్పుడు మౌంట్ రాస్కిల్‌లో అక్క వాళ్ళ ఇంటి వెనక గదిలో అద్దెకు దిగాను. అక్క వృద్ధుల హోమ్‌లో నర్సు. షిఫ్టుల ఉద్యోగం కాబట్టి పిల్లల్ని చూసుకోడానికి తల్లిని పిలిపించుకుంది. గోదావరి సముద్రంలో కలిసే చోట, మడ అడవి అంచున పీతలు పట్టి కూతుర్ని నర్సింగ్ చదివించిన మనిషి ఆవిడ.

వచ్చిన కొత్తలో పెద్దమ్మకు ఇక్కడ ఏదీ నచ్చలేదు. చేపకు వాసన లేదంది. ఎండకు వేడి లేదంది. మనవలు ఇంగ్లీషులో పోట్లాడుకుంటుంటే ఎవరిది తప్పో తేల్చలేక ఇద్దరికీ చెరో దెబ్బ వేసేది. ఒక ఆదివారం, ఊరికే గాలి మార్పుకని, పది నిమిషాల దూరంలో ఉన్న సముద్రపు పాయ దగ్గరికి కారులో తీసుకెళ్ళాను. పోటు నీళ్ళు వెనక్కి తీసి ఉన్నాయి. కంటికి ఆనినంత మేరా బురద, అందులో బూడిద రంగు ఆకులతో మనిషెత్తు చెట్లు. పెద్దమ్మ కారు దిగి, చీర ఎగదోపుకుని, నేరుగా బురదలోకి నడిచింది. ఒక ఆకు తుంచి, తిరగేసి, నాలికకి తాకించింది.

"దీని దుంప తెగ! ఇది మా సెట్టేనే. మడ సెట్టు."

"చెట్టు మీద రాసి ఉన్నదా ఏంది పెద్దమ్మా?"

"రాసే ఉంది. నాకి సూడు."

నాకి చూశాను. ఉప్పు. వేళ్ళలోంచి తాగిన ఉప్పునీళ్ళలో ఉప్పుని ఈ చెట్టు ఆకుల మీదకి చెమటలా నెట్టేస్తుందట. "మా కాడ తాటాకిల్లంత ఎత్తుంటాది. సలికి గిడసబారిపోయింది పాపం" అని ఆ చెట్టు మొదలు నిమిరింది. ఈ దేశంలో ఆవిడకు దొరికిన మొదటి చుట్టం అదే అనుకుంటాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్ళాం.

ఆవిడ కథ నాకు ముక్కలు ముక్కలుగా, అన్నం తినేటప్పుడు తెలిసింది. పడుచుదనంలో వాళ్ళ ఊరి మడ అడవిని నరికిన కూలీల్లో పెద్దమ్మ కూడా ఉంది. పొయ్యిలకి కొంత, రొయ్యల చెరువులకి కొంత నరికారు. నరికినన్నాళ్ళు కూలి దొరికింది. తర్వాత నేల మీద ఉప్పు పేరుకుని గడ్డి కూడా మొలవలేదు. పీతలు పోయాయి, ఏటిలో చేప పిల్ల పోయింది, మగవాళ్ళు హార్బరు పనులకు వలస పోయారు. చాలా ఏళ్ళకు ఊరి ఆడవాళ్ళంతా ఒక సంఘం కట్టి ఆ బోడి నేలలో కాలవలు తవ్వారు. ఆ కాలవలు ఎలా ఉంటాయో చూపించడానికి పెద్దమ్మ తను తిన్న చేప ముల్లుని పళ్ళెం మధ్యలో పెట్టింది. నడుమన వెన్ను పెద్ద కాలవ, పక్క ముళ్ళు పిల్ల కాలవలు. వాటిలోకి పోటు నీళ్ళు ఎక్కి, దిగి, ఉప్పుని కడిగేశాయి. అప్పుడు మొక్కలు నాటారు. తవ్వినందుకు కూలి వచ్చింది, నాలుగైదేళ్ళకు పీతలు వచ్చాయి. "నరికిన సేతులూ ఇయ్యే, నాటిన సేతులూ ఇయ్యే" అని ఆ చేతులే కడుక్కోడానికి లేచేది.

అందుకే ఇక్కడ ఒక తప్పు చేసింది. చేసింది అని ఆవిడ మీదకి తోసెయ్యడం ఎందుకు, ఇద్దరం కలిసే చేశాం. ఇక్కడ జనవరి ఎండాకాలం, మడ కాయలు అప్పుడే రాలతాయి. పాయలో ఒక మూల చెట్టూ చేమా లేని జాగా ఒకటి పెద్దమ్మ కంట్లో పడింది. "బోడిగా ఉందే, సూళ్ళేకపోతన్నాను" అంది. నీటి అంచున కొట్టుకొచ్చిన కాయల్ని ఐస్‌క్రీం డబ్బాలలో ఏరి, నాలుగు ఆదివారాలు వరసలు వరసలుగా నాటాం. ఆవిడ వంగి నాటుతుంటే నేను డబ్బా పట్టుకుని వెనక నడిచాను. ఆవిడ అంత ఆనందంగా ఉండడం ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

ఐదో ఆదివారం ఆ జాగాలో ఒకాయన నిలబడి ఉన్నాడు. ఈ దేశపు మూలవాసి, మావోరీ, భారీ మనిషి. తండ్రి నుంచి వచ్చిన లైసెన్సుతో చిన్న పడవ మీద పళ్ళేల్లాంటి చదును చేపలు పట్టి అమ్ముకుంటాడు. మేం నాటిన చోటు బోడి నేల కాదు. ఆ పాయ మొత్తంలో బురద కింద పడకుండా మిగిలిన ఒకే ఒక్క ఇసుక ముక్క అది. వాళ్ళ నానమ్మ అక్కడ గుల్లలు ఏరేది. ఏటా మొలిచిన మడ మొక్కల్ని ఒక్కొక్కటే చేత్తో పీకి, పడవ నీళ్ళలోకి దింపడానికి ఆయన కాపాడుకుంటున్న జాగా. ఇక్కడ మడ చెట్లు ఎక్కువైపోతున్నాయని, నీళ్ళు కనబడకుండా కమ్మేస్తున్నాయని జనం విసుక్కుంటారు. ఆ సంగతి మాకు తెలీదు. మడ చెట్టు ఎక్కువైందని విసుక్కునే ఊరు ఒకటి ఉంటుందని పెద్దమ్మ ఎలా ఊహిస్తుంది?

ఆయన అరవలేదు. బండరాయి మీద కూర్చుని, "ఆంటీ, ఇంత చక్కగా ఎవరు నాటారా అని చూస్తున్నాను" అన్నాడు. పెద్దవాళ్ళను వాళ్ళలోనూ ఆంటీ అనే పిలుస్తారట. ఆయన చెప్పిన సంగతంతా నేను పెద్దమ్మకు తెలుగులో చెప్పాను. పెద్దమ్మ మొహం పాలిపోయింది. "ఈయన పొట్ట మీద నాటానా నేను?" అంది. అప్పటికప్పుడు వంగి పీకడం మొదలుపెట్టింది. ఆయన వద్దంటున్నా ఆవిడ ఆగలేదు, చివరికి ఆయనా వచ్చి పీకాడు. చీకటి పడేలోపు మూడు వరసలు అయ్యాయి, మిగతావి మర్నాడు. ఒక్క మొక్కని మాత్రం మట్టితో సహా ఐస్‌క్రీం డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చుకుంది. రోజూ గ్లాసుడు నీళ్ళలో రాతి ఉప్పు కలిపి దానికి పోసేది.

తర్వాతి కథ రాయకుండా ఈ జ్ఞాపకం ముగించొచ్చు. పోయిన మనిషి గురించి రాస్తూ మన గొడవ చెప్పుకోవడం మర్యాద కాదని తెలుసు. కానీ పెద్దమ్మ ఒక పెద్ద మాట చెప్పి పోయింది. అది నా దగ్గరే ఆగిపోయింది.

కొన్ని నెలలకు పాయ ఒడ్డున ఉండేవాళ్ళంతా ఒక శనివారం మధ్యాహ్నం క్లబ్బు హాల్లో కూర్చున్నారు. యంత్రం పెట్టి మడ చెట్లన్నీ ఒకేసారి తీసేద్దామని, ఇసుక తిరిగి వస్తుందని, చేప తిరిగి వస్తుందని. పడవాయన మమ్మల్ని కూడా రమ్మన్నాడు. అందరూ మాట్లాడాక పెద్దమ్మ లేచింది. చీర కొంగు నడుముకు దోపి, తెలుగులో, ఐదు నిమిషాలు ఆగకుండా మాట్లాడింది.

"బాబూ, సెట్టు బురదని తేలేదు. బురదొచ్చింది కాబట్టి సెట్టొచ్చింది. ఆ గుట్ట మీద ఇళ్ళకోసం మట్టి తవ్వుతున్నారు కదా, వానొస్తే అదంతా ఇక్కడికే దిగుతాంది. ముందు దాన్ని ఆపండి. పిల్ల మొక్కల్ని ఏటా పీకండి, నేనూ వచ్చి పీకుతాను. పెద్ద సెట్ల జోలికి మాత్రం పోకండి. మజ్జెలో సేప ముల్లులాగ కాలవలు తవ్వితే పోటు బురదని లాగేస్తాది, నీ పడవా దిగుద్ది, సేపా ఎక్కుద్ది. అన్నీ ఒక్కపాలి లాగేశారా, ఆ సెట్ల ఏళ్ళన్నీ బురదలో కుళ్ళి కంపు కొడతాయి. ఏళ్ళకేళ్ళు పురుగు కూడా బతకదు. మేం సేశాం బాబూ. ఆ ఆకలి నేను పడ్డాను."

హాలు మొత్తం నా వైపు తిరిగింది. వెనక వరసలో ఎవరో, "ఆ మొక్కలు నాటింది వీళ్ళే కదూ" అని గుసగుసలాడడం నాకు వినబడింది. అప్పటికి ఇక్కడ ఉండిపోడానికి కావలసిన నా రెసిడెన్సీ కాగితాలు ఇంకా రాలేదు. ఎవరి కంట్లోనూ పడకుండా, ఎవరితోనూ తగువు లేకుండా బతకడం ఒక్కటే నేర్చుకున్నాను. లేచి ఇంగ్లీషులో రెండు వాక్యాలు చెప్పాను. జరిగిన పొరపాటుకి ఆవిడ క్షమాపణ అడుగుతోంది. మీ పని బాగా జరగాలని కోరుకుంటోంది.

చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ అందరికీ దణ్ణం పెట్టి కూర్చుంది.

తిరిగొచ్చేటప్పుడు కారులో అడిగింది. "నేనంత పొడుగు మాట్టాడితే నువ్వింత కురసగా సెప్పావేంటే?"

"ఇంగ్లీషుల అట్లనే ఉంటది పెద్దమ్మా. చిన్నగైపోతది."

"అలాగా" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నేను అంత నీచమైన అబద్ధం మళ్ళీ ఆడలేదు.

ఆ చలికాలం యంత్రం వచ్చింది. చెట్లని లాగి, ముక్కలు చేసి, ఆ ముక్కల్ని బురద మీదే వదిలేసింది. ఎండాకాలానికి కంపు రోడ్డు దాకా వచ్చింది. ఇసుక రాలేదు. ఉన్న ఇసుక ముక్క మీదకి కూడా మెత్తటి నల్ల బురద జారింది. ఒక ఏడాది చూశాం, రెండేళ్ళు చూశాం. మూడో ఏడు పడవాయన వల ఎత్తితే నాచు తప్ప ఏమీ ఉండడం లేదని పడవ అమ్మేశాడు. ఇప్పుడు న్యూ లిన్ వైపు బస్సు నడుపుతున్నాడు. పెద్దమ్మ మాత్రం ఆదివారాలు మానలేదు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని మోడుల్ని చూస్తూ నిలబడేది.

"మనం సెప్పాం కదే. ఆళ్ళే ఇన్లేదు, అంతే" అనేది.

ఆ మాట ఎన్నిసార్లు అందో. నమ్మి అనేదో, నా నోట్లోంచి నిజం రావాలని అనేదో నాకు ఇప్పటికీ తెలీదు. ప్రతిసారీ "అవును పెద్దమ్మా" అన్నాను. ఈ చలికాలం ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆసుపత్రిలో పడుకున్నప్పుడు కూడా, చెప్పేద్దామని వెళ్ళి, దిండు సరిచేసి వచ్చాను.

అంత్యక్రియలకు పడవాయన బస్సు డ్రైవరు యూనిఫారంలోనే వచ్చాడు. ఆవిడ పాదాల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. బయట కారు పార్కింగ్‌లో ఆయనకు అంతా చెప్పాను, ఆ రోజు పెద్దమ్మ అన్న ప్రతి మాటా, చేప ముల్లుతో సహా.

"నువ్వు చెప్పినా వినేవాళ్ళం కాదులే. అందరం తేల్చుకునే వచ్చాం ఆ రోజు" అన్నాడు. జాలిపడి అన్నాడో, నిజమే అన్నాడో. మళ్ళీ తనే, "నేనైతే వినేవాణ్ణేమో" అని బస్సు టైమైందని వెళ్ళిపోయాడు.

ఈ పాయ నా జీవితకాలంలో బాగుపడదు. గుట్ట మీద ఇంకా ఇళ్ళు లేస్తూనే ఉన్నాయి, వాన వచ్చినప్పుడల్లా నీళ్ళు టీ రంగులో దిగుతున్నాయి. పెద్దమ్మ బతికి ఉన్నా ఆపగలిగేది కాదు. ఇంకో ముసలావిడ ఎవరైనా లేచి ఇంకో హాల్లో మాట్లాడితే, పక్కన నాలాంటిది ఉండకూడదని మాత్రం కోరుకుంటాను.

నిన్న అక్క వాళ్ళింటికి వెళ్ళాను. బట్టలు ఉతికే గదిలో కిటికీ దగ్గర ఐస్‌క్రీం డబ్బాలో ఆ మొక్క ఇంకా ఉంది, జానెడెత్తున, పచ్చగా. "అమ్మ ఆసుపత్రికి పోయినప్పటి నుంచి నేనే పోస్తున్నానే, రోజూ కుళాయి నీళ్ళు" అంది అక్క. దాన్ని తీసుకెళ్ళి ఎక్కడ నాటాలో నాకు తెలీదు. ఒక ఆకు తుంచి, తిరగేసి, నాలిక మీద పెట్టుకున్నాను.

చప్పగా ఉంది.