పైడమ్మ చెయ్యి

ఈ మాట గొంతుకడ్డం పడి ఎన్నేళ్ళయిందో! మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను. తెలిసినవాళ్ళతో అయితే చచ్చినా చెప్పను. నేనొక మనిషిని మోసం చేశాను. మల్లెమొక్కతో చేశాను. నవ్వొస్తోందా? మొదట్లో నేనూ నవ్వుకున్నాను.

కూర్మన్నపాలెంలో మా ఇంటికీ పైడమ్మ ఇంటికీ మధ్య ఒకటే గోడ. పేరు మార్చానులెండి. నేను ఒదినా అంటే తనూ ఒదినా అనేది. మగవాళ్ళు స్టీలు ప్లాంటుకి డ్యూటీకి వెళ్ళాక గోడకి అటూ ఇటూ నిలబడి మేం చెప్పుకోని సంగతి లేదు. అలాగే ఒకరోజు చెప్పాను, మా దగ్గరే ఉంటున్న మా చెల్లికి చిన్నప్పుడు మూర్ఛ వచ్చేదని, ఇప్పుడు తగ్గిపోయిందని, మూడో కంటికి తెలియకూడదని. నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేసింది.

తర్వాత చెల్లికి సంబంధం కుదిరింది. తాంబూలాలకి ముందు అబ్బాయి మేనత్త మాకు చెప్పకుండా వచ్చి, పిల్ల సంగతి పక్కింట్లో వాకబు చేసింది. పక్కిల్లంటే పైడమ్మే. సంబంధం తప్పిపోయింది. మూర్ఛ సంగతి తెలిసిందట అని మధ్యవర్తి అన్నాడు. ఆ మాట బయట ఇంకెవరికి తెలుసు? చెల్లి అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకుంది. శత్రువు చేస్తే వేరు. నేను నమ్మి నోరు విప్పింది ఒక్క మనిషి దగ్గర! ఆమె చేసింది తప్పేనని ఇప్పటికీ అంటాను.

అయినా వెళ్ళి అడగలేదు. పోట్లాడలేదు. పోట్లాడి ఉంటే ఎంత బాగుండేది.

మా పెరట్లో బొండుమల్లె ఎండాకాలం వస్తే ఆకు కనిపించకుండా పూసేది. అందులో మాయ లేదు. చలికాలంలో నీళ్ళు ఆపేయాలి. ఆకంతా దూసేసి, కొమ్మలు కత్తిరించి, మొదలు తవ్వి ఎండ తగలనివ్వాలి. చూసేవాళ్ళకి చెట్టుని చంపుతున్నట్టే ఉంటుంది. ఆ తర్వాత ఎరువేసి నీళ్ళు పెడితే చిగురుతో పాటే మొగ్గ వస్తుంది.

ఆ ఏడే పైడమ్మ తల్లి పోయింది. ఊళ్ళో ఆవిడ పెంచిన మల్లె నుంచి ఒక అంటు తెచ్చి గోడవారన నాటుకుంది. "ఒదినా, నీ సెట్టు ఇరగబూత్తాది. దీనికేటి సెయ్యాలో నువ్వే సెప్పాల," అంది.

చెప్పాను. కత్తి తాకనివ్వకు, లక్ష్మి కదా అన్నాను. ఆకు తుంచకు, రెండుపూటలా నీళ్ళు పొయ్యి, ఎండ తగలకుండా జామచెట్టు నీడలోకి మార్చు అన్నాను. ఎంత ప్రేమగా చెప్పానో!

మొక్క గుబురుగా ఎదిగింది. ఆకే ఆకు. ఎప్పుడో ఒక మొగ్గ, అదీ రాలిపోయేది. ప్లాంటు దుమ్ముకి ఆకు నల్లబడుతోందని తను తడిగుడ్డ పెట్టి తుడిచేది. నేను నా చెట్టుకి ఆకు దూస్తుంటే చూడలేదా అంటారేమో. చూసింది. "తెగులు పట్టిందొదినా, అందుకే దూసేత్తన్నాను," అన్నాను. ఏటేటా తెగులే. ఏటేటా నమ్మింది. సాయంత్రం గోడ మీంచి మూరెడు పువ్వులు అందిస్తే తలలో పెట్టుకుని మురిసిపోయేది. అప్పుడు నా లోపల ఏముండేది? తృప్తి. అబద్ధమెందుకు?

చెల్లికి తర్వాత మంచి సంబంధమే దొరికింది. అన్నీ చెప్పే చేశాం. మొగుడూ పెళ్ళాలిద్దరూ అచ్యుతాపురంలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఆ పాత గొడవ చెల్లి ఎప్పుడో మరిచిపోయింది. మరి నేనెందుకు పట్టుకుని వేలాడాను? ఎవరికోసం?

ఒకరోజు పైడమ్మే వచ్చి మా వంటింటి గడప దగ్గర కూలబడింది.

"ఒదినా, మీ సెల్లి ఇసయం నానే సెప్పినాను. ఆవిడ దేవుడి మీద ఒట్టెయ్యమంది. అబద్దం ఆడనేకపోనాను. అప్పట్నుంచీ నీ మొకం సూడనేకపోతన్నాను."

"పోనీలే ఒదినా. అయిపోనాది కదా," అన్నాను.

"నీది ఎన్నలాంటి మనసు," అని కళ్ళు తుడుచుకుంది. వెళ్ళబోతూ ఆగింది. "మా అమ్మ సెట్టు ఈయేడూ పుయ్యనేదు. ఏటి సెయ్యమంతావు?"

అప్పుడు చెప్పొచ్చు. ఆ మనిషి తన తప్పు ఒప్పుకుని నా గడపలో నిలబడి ఉంది. ఒక్క మాట చాలు.

"నీళ్ళు సాలట్నేదేమో ఒదినా," అన్నాను.

చీ. మొదట చేసింది మంట మీద చేశాను, సరే. ఇది? దీనికి ఏ పేరు పెట్టను?

ఆ తర్వాతే తను "నాది పాడు సెయ్యి" అనడం మొదలుపెట్టింది. కొత్తిమీర చల్లడం కూడా మానేసింది. కూతురు కొత్త ఇంట్లో తులసి నాటమంటే చేతులు వెనక్కి పెట్టుకుని, నా సెయ్యొద్దమ్మా అంది. నేను అక్కడే ఉన్నాను, తేలు కుట్టిన దొంగలా.

నిరుడు వాళ్ళు దువ్వాడలో ఫ్లాటుకి మారారు. వెళ్ళేముందు ఆ చెట్టుని మట్టితో సహా పెళ్ళగించి తెచ్చింది. "నీ సేతిలోనైనా పూత్తాది. మా అమ్మ పువ్వు ఒక్కపాలి సూడాలనుంది."

చలికాలంలో ఆకు దూశాను. ఈ వేసవికి విరగబూసింది. ఒక్క పువ్వూ కొయ్యలేదు. పాదులోనే రాలిపోతున్నాయి.

నిన్న ఫోన్ చేసింది. "పూసినాదేటొదినా?"

పూసిందంటే, తన చెయ్యి పాడుదేనని ఖాయం చేసుకుంటుంది. ఎందుకు పూసిందో చెబితే నేనేమిటో తెలిసిపోతుంది. "ఇంకా నేదొదినా," అన్నాను.

పూసింది. ఆకు కనిపించకుండా పూసింది. పైడమ్మ చెయ్యి మంచిదే. ఎప్పుడూ మంచిదే. ఈ మాట నా నోటివెంట రావడం ఇదే మొదటిసారి. వినాల్సిన మనిషికి కాదు, మీకు.