ఇరుకు కుండీల హినెక్ బాబాయ్

మా హినెక్ బాబాయ్ లెక్కలో లోకంలో ఉన్న జబ్బు ఒక్కటే, మందూ ఒక్కటే. కుండీ ఇరుకవడం జబ్బు, కాస్త పెద్ద కుండీలోకి మార్చడం మందు. మొక్క వాడినా, మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకున్నా, ఎన్నికల్లో మేయరు ఓడిపోయినా ఆయన తల పంకించి "కుండీ ఇరుకైంది" అంటాడు. మేయరుకి కుండీ ఏమిటని అడిగితే మీ ఖర్మ, గంటసేపు వినాలి.

ఆయన నాకు చుట్టం కాదు. లితొవెల్ ఊళ్ళో, మొరావా నది పక్కన ఉన్న మా తోటల కాలనీలో అందరికీ ఆయన బాబాయే. ఉద్యోగమంతా రైల్వే గూడ్సు షెడ్డులో మూటలు తూకం వేశాడు. రిటైరయ్యాక ఎత్తడానికి మూటలు దొరక్క కుండీల మీద పడ్డాడని మా ఆయన అంటాడు. ఎవరింటికెళ్ళినా బాబాయ్ కూర్చోడు. నేరుగా కిటికీ దగ్గరికి నడిచి, అక్కడున్న కుండీని రెండు చేతులా ఎత్తి, కళ్ళు మూసుకుని బరువు చూస్తాడు. అడుగున ఉన్న కన్నాలు వేలితో తడుముతాడు. ఆ తర్వాతే "అందరూ బాగున్నారా?" అని మనల్ని పలకరిస్తాడు.

ఒకసారి దగ్గొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. నర్సు పేరు పిలిచేసరికి వరండాలో ఉన్న రబ్బరు మొక్కని కుండీలోంచి ఊడబీకి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పేషెంట్లందరూ చుట్టూ మూగి వేళ్ళు చూస్తున్నారు.

"అయ్యో అయ్యో, ఏంటండీ ఈ పని!" అంది నర్సు.

"దీనికి ఊపిరాడ్డం లేదు తల్లీ. వరసలో ముందు దీన్ని పంపించు."

"మీ దగ్గు సంగతి?"

"నా దగ్గుకేం, రేపటికి పోతుంది. దీనిక్కావాల్సింది బకెట్టు."

బకెట్టు తెప్పించేదాకా ఆయన లోపలికి కదల్లేదు. ఆ రబ్బరు మొక్క ఇప్పుడు డాక్టరుగారి గది కప్పుని తంతోంది.

మా బీరు కొట్టు రాడెక్ పెళ్ళిలోనూ అంతే. పెళ్ళికొడుకు మొహం ఎర్రగా కందిపోతే, భయపడుతున్నాడని అందరూ అనుకున్నారు. బాబాయ్ వెళ్ళి మెడ వెనక రెండు వేళ్ళు దూర్చి చూసి, "ఇరుకు" అని చొక్కా గుండీ తెంపేశాడు. రాడెక్ ఆ తర్వాతే పెళ్ళికూతుర్ని నోరారా ముద్దు పెట్టుకోగలిగాడు. చర్చి ఫాదర్‌గారిది దీనికి తలకిందుల కేసు. అంత పెద్ద చర్చిలో చలికాలం పది మంది వచ్చి వణుకుతుంటారు. "పెద్ద కుండీలో పిల్ల మొక్కని పెట్టారు ఫాదర్. తడి ఆరదు, వేరు కుళ్ళుతుంది. పక్క గదిలోకి మార్చండి" అన్నాడు బాబాయ్. ఫాదర్ ముందు కోప్పడ్డారు గానీ జనవరిలో చేతులు కొంకర్లు పోయాక ప్రార్థన పక్క గదిలోకి మార్చారు. వెచ్చగా ఉందని జనం కూడా పెరిగారు.

ఇవన్నీ పక్క పనులు. ఆయన అసలు విద్య గంజాయి మొక్క దగ్గర చూడాలి. మా వైపు ముసలమ్మలకి మోకాళ్ళు పట్టేస్తే దాని పూతనీ ఆకునీ పంది కొవ్వులో సన్నసెగ మీద మరిగించి, పాత గుడ్డలో వడగట్టి, ఆ లేపనాన్ని రాసుకుంటారు. మనిషికి మూడు మొక్కల దాకా మా దేశంలో ప్రభుత్వం కూడా ఏమీ అనదు. ఒక్క జాగ్రత్త పాటించాలి. లేపనం సీసా వంటింట్లో పెట్టకూడదు. మా ఆయన ఒకసారి దాన్ని రొట్టెకి రాసుకునే కొవ్వనుకుని, ఉప్పు చల్లుకుని మూడు ముక్కలు లాగించాడు. ఆ పూటంతా కంచెతో కబుర్లు చెబుతూ, మధ్యమధ్య అది చెప్పినదానికి పకపకా నవ్వుతూ కూర్చున్నాడు.

నేను మొదటిసారి ఆ మొక్క పెంచినప్పుడు సలహాకి బాబాయ్ దగ్గరికే వెళ్ళాను.

"బాబాయ్, కింది ఆకులు పసుపురంగుకి తిరిగాయి. ఎరువేదైనా వెయ్యనా?"

"పొద్దున నీళ్ళు పోశావా?"

"నిండా పోశాను."

"సాయంత్రం కుండీ ఎత్తి చూశావా?"

"చూశా. దూదిలా ఉంది."

"గాలికి పడిపోతోందా?"

"నిన్నంతా లేపి నిలబెట్టడమే సరిపోయింది."

"అడుగున?"

"కన్నాల్లోంచి తెల్లగా ఏవో తొంగి చూస్తున్నాయి."

"మరింకేం కావాలే నీకు? అది కిందికి దిగొచ్చి నీ చెయ్యి పట్టుకుని అడగాలా?"

వచ్చి, కాండాన్ని వేళ్ళ సందున పట్టుకుని, కుండీని బోర్లించి అడుగున ఒక్క చరుపు చరిచాడు. మట్టి ముద్ద మొత్తం కుండీ ఆకారంలోనే జారి చేతిలోకి వచ్చింది. దాని చుట్టూ వేళ్ళు ఆదివారం సూపులో నూడుల్స్‌లా చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. "ఇలా చుట్టుకుంటే మార్చు. మట్టి పొడిపొడిగా రాలిపోతే ఇంకా టైముందని అర్థం, నోరు మూసుకుని మళ్ళీ కుండీలో పెట్టెయ్" అన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. నాకు ఒళ్ళు మండింది మా అక్క విషయంలో.

మా పెద్దక్క ఒతిలియా టైలరు. బావ పోయాక కుట్టు మిషను మీద దుప్పటి కప్పి, తలుపు వేసుకుంది. వేళ్ళ కణుపులు వాచి సూది పట్టడం కూడా కష్టమైంది. చుట్టుపక్కల వాళ్ళు ఒక్కొక్కరే తలుపు కొట్టి కొట్టి మానేశారు. నేను వెళ్ళినా గొలుసు తియ్యకుండా సందులోంచి "బాగానే ఉన్నా, వెళ్ళు" అనేది. ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. నా అక్క బతికుండగానే నాకు లేకుండా పోతోందని భయం వేసేది.

అలాంటి తలుపుని మే నెలలో ఒక గురువారం హినెక్ బాబాయ్ తట్టాడు. నేను మెట్ల మీదే ఉన్నాను.

"ఎవరు?" లోపల్నుంచి అక్క.

"హినెక్‌నండీ."

"నాకేం వద్దు."

"ఇవ్వడానికి రాలేదండీ, అడగడానికొచ్చాను. మా ఇంట్లో కిటికీలు నిండిపోయాయి. దీన్ని ఓ వారం మీ ఎండలో ఉంచుకుంటారా?"

గొలుసు సందులోంచి ఒక పెరుగు కప్పు లోపలికి వెళ్ళింది. అందులో గంజాయి మొక్క నా బొటనవేలంత ఉంది. తర్వాతి గురువారం ఆయన "కుండీ చూడాలి" అన్నాడు. అక్క గొలుసు తీసింది.

అప్పట్నుంచి మొదలైంది ఆ సంబడం. పెరుగు కప్పులోంచి మేకుతో కన్నాలు కొట్టిన బఠాణీ డబ్బాలోకి, దాంట్లోంచి కాఫీ డబ్బాలోకి, అక్కడ్నుంచి బుల్లి మట్టి కుండీలోకి, దాంట్లోంచి అంతకంటే వేలెడు వెడల్పున్న కుండీలోకి! ప్రతి గురువారం బాబాయ్ రావడం, ఎత్తడం, కళ్ళు మూసుకోవడం, "ఇంకా ఇరుకవలేదు. వచ్చే వారం చూద్దాం" అనడం. మార్చినా వేలెడే మార్చడం. అక్క వేళ్ళకి మందు కావాలి, చలికాలం మన కోసం ఆగదు. నేను ఊరుకోలేకపోయాను.

"ఏంటి బాబాయ్ ఈ పిసినారితనం? ఓ పెద్ద తొట్టిలో ఒకేసారి పెట్టేస్తే పోదూ?"

"ఛీ ఛీ! అంత చిన్న వేరు చుట్టూ అంత తడి మట్టా? జలుబు చేస్తుంది."

"మొక్కకి జలుబేంటి?"

"నీకు తెలీదు, ఊరుకో. ఒతిలియాగారూ, ఆ స్పూను ఇలా అందుకోండి."

అక్క అందించేది. జూలైకల్లా కాఫీ కూడా అందించడం మొదలుపెట్టింది. ఆగస్టులో నేను వెళ్ళేసరికి బాబాయ్‌తో, "మీది తప్పండీ, ఈ ఆకు మొన్నటికంటే వెడల్పు" అని వాదిస్తోంది. అక్క గొంతు హెచ్చించి నెలలైంది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఆగస్టు చివర్లో ఒక గురువారం బాబాయ్ కుండీ ఎత్తబోయి ఆగిపోయాడు. కొమ్మ చివర్లు పరీక్షగా చూశాడు. అప్పుడు నా జన్మలో చూడని పని చేశాడు. కుండీ ఎత్తకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పూత పట్టిందండీ ఒతిలియాగారూ. ఇంక కుండీ మార్చకూడదు. కోత దాకా కదపొద్దు."

"అయితే వచ్చే గురువారం..."

"ఇంక చూడ్డానికేం లేదండీ. నీళ్ళు పోస్తే చాలు."

ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. అక్క ఆయన తాగిన కప్పు కడిగి, తుడిచి, అల్మరాలో లోపలెక్కడో పెట్టేసింది. మళ్ళీ ఆ గొలుసు పడుతుందని నాకు భయం వేసింది.

గురువారం వచ్చి వెళ్ళింది, బాబాయ్ రాలేదు. ఆ శనివారం నేను వెళ్ళేసరికి మొక్క బాల్కనీలో తల వేలాడేసి ఉంది. కుండీలో లేదు. క్యాబేజీ ఊరబెట్టే పెద్ద చెక్క పీపాలో ఉంది.

"ఇదేంటక్కా!"

"ఇరుకైందనిపించింది" అంది అక్క, ఎటో చూస్తూ.

సైకిలెక్కి బాబాయ్ తోటకి పరిగెత్తించాను. ఆయన తోట తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. ఎవరైనా లోపలికి రాబోతే "లోపల కుండీలు పడుకున్నాయి" అనేవాడు. ఆ రోజు పిలిచే ఓపిక లేక తోసుకుని లోపలికి వెళ్ళాను. లోపల మూడు గంజాయి మొక్కలు, నా కంటే ఎత్తు, గుబురుగా, మంచి పూతతో నేలలో నిలబడి ఉన్నాయి. తోట మొత్తం వెతికినా ఒక్క కుండీ లేదు.

"బాబాయ్! నీ కుండీలేవి?"

ఆయన పారతో సహా దొరికిపోయాడు. టోపీ తీసి దులిపి మళ్ళీ పెట్టుకున్నాడు.

"నేలుండగా కుండీ ఎందుకే? మేలో గుంట తీసి పెడతా, అక్టోబర్లో కోస్తా. మధ్యలో దాని జోలికి పోను."

"మరి మా అక్క దగ్గర ఆ పెరుగు కప్పు, ఆ డబ్బాలు, ఆ వేలెడు వేలెడు కుండీలు?"

"ఒకేసారి తొట్టిలో పెట్టేస్తే మళ్ళీ ఏమని వెళ్ళను? ఊరికే వచ్చానంటే మీ అక్క తలుపు తీస్తుందా?"

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కాలువ వీధిలో ఒంటరిగా ఉండే ఒకప్పుడు చర్చి గంటలు బాగుచేసిన మేస్త్రీ ఇంట్లో బుల్లి కుండీ ఒకటి చూశాను. కొడుకుతో మాటలు లేని రొట్టెల బట్టీ ముసలాయన కిటికీలో కూడా ఒకటుంది. అన్నీ ఇరుకు కుండీలే, అన్నిటికీ వారానికొకసారి బాబాయ్ రావాల్సిందే. ఇన్నాళ్ళూ ఈయనకి పిచ్చి అని నవ్వుకున్నాం.

"అయితే పూత వచ్చిందని ఎందుకు చెప్పావు? ఇంకో కుండీ మార్చాలని ఓ అబద్ధం ఆడితే పోయేదిగా?"

బాబాయ్‌కి నిజంగా కోపం వచ్చింది. "మొక్క విషయంలో అబద్ధం ఎలా ఆడతానే? పూతలో వేరు కదిలిస్తే దానికెంత బాధ!"

పీపా సంగతి చెప్పగానే పార పారేసి నా సైకిలు వెనకెక్కాడు. అక్క ఇంట్లో పీపా అంచు వాసన చూశాడు. మట్టి చిటికెడు నాలిక మీద వేసుకుని ఉమ్మేశాడు.

"ఒతిలియాగారూ, ఇది క్యాబేజీ పీపా! చెక్కంతా ఉప్పు తాగి ఉంది. అడుగున కన్నం కూడా లేదు!"

"లేదా? చూసుకోలేదండీ" అంది అక్క.

ఆయన మంచి మట్టి తేవడానికి బయటికి పరిగెత్తాడు. నేను అక్క వైపు తిరిగాను. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి ఏటేటా ఆ పీపాలోనే క్యాబేజీ ఊరబెట్టిన మనిషి!

"అక్కా, నిజం చెప్పు."

"పీపాకి కన్నం ఉండదని నాకు తెలీదా ఏంటి?" అంది అక్క గొంతు తగ్గించి. "మొక్క బాగుంటే ఆయన రాడు. మరేం చెయ్యను?"

"చచ్చిపోతే? చలికాలం నీ వేళ్ళకి మందు?"

"వేళ్ళు ఎలాగూ నొప్పే. ఎవరూ రాని వారం ఇంకా ఎక్కువ నొప్పి."

బాబాయ్ మట్టితో వచ్చాడు. ఇద్దరూ కలిసి మొక్క వేళ్ళని మంచి నీళ్ళలో కడిగారు, అక్క పట్టుకుంటే ఆయన మట్టి సర్దాడు. పాత కుండీలోనే నిలబెట్టి, ఆయన కాసేపు గోడకేసి చూసి గొంతు సవరించుకున్నాడు.

"పెద్ద దెబ్బే తగిలింది. ఇంక వారానికోసారి చూస్తే చాలదండీ. రోజూ రావాలి."

"మీకు శ్రమేమో?" అంది అక్క.

"మొక్క కోసం తప్పదు కదండీ."

మొక్క విషయంలో అబద్ధం ఆడనన్న మనిషి చెవులు ఎర్రగా అయిపోయాయి. మా అక్కేమో ఏమీ ఎరగనట్టు కాఫీ కలుపుతోంది. ఇద్దరి మధ్యా నేను నవ్వాపుకోలేక చచ్చాను.

మొక్క బతికింది. సగం పూతే నిలిచింది, లేపనం చిన్న కప్పుడే వచ్చింది. దాన్ని రాసుకుని అక్క మిషను మీది దుప్పటి తీసి, బాబాయ్ కోటుకి ఊడిపోయిన గుండీలు కుట్టింది. కోత అయిపోయి నెల దాటింది, ఇంట్లో ఆకు కూడా లేదు. నిన్న నేను వెళ్ళేసరికి బాబాయ్ అక్కడే ఉన్నాడు.

"మొక్క లేదు కదా, ఏం చూడ్డానికొచ్చావు బాబాయ్?" అన్నాను, కావాలనే.

ఆయన కంగారుగా గది నలుమూలలా చూశాడు. వంటింటి గట్టు మీద, కూరల బుట్టలో ఆయన చూపు ఆగింది.

"అదిగో, ఆ ఉల్లిపాయకి మొలకొచ్చినట్టుంది" అన్నాడు.

మా అక్క నవ్వలేదు. గంభీరంగా లేచి, పెరుగు కప్పు వెతకడానికి వంటింట్లోకి వెళ్ళింది.